తల వూపాను

2022 జూలైలో వొకరోజు మా కాలేజీ స్టాఫ్ రూములో నేను తల వూపాను. అదేమంత పెద్ద సంగతి కాదని మీకనిపించొచ్చు. నాకూ ఆ నిమిషాన అట్లాగే అనిపించింది. టీ తాగుతున్నాం. ఫిజిక్స్ చెప్పే మిత్రుడు పేపరు మడిచి బల్ల మీద పడేసి, "చూడండి మాస్టారూ, ప్రధానమంత్రి సరిగ్గా చెప్పాడు. ఈ ఉచితాలు దేశాన్ని ముంచుతాయి. మనం పన్నులు కట్టాలి, వాళ్ళు కూచుని తినాలి. అవతల సరిహద్దులో జవాన్లు మంచులో చస్తున్నారు" అన్నాడు. ఆ జూలై 16న బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ రోడ్డు ప్రారంభిస్తూ మోడీ గారు 'రేవడీ సంస్కృతి' అన్నారు. రేవడీ అంటే మన నువ్వుజీడీల్లాంటి మిఠాయి. జాతర్లో పిల్లలకు పంచేది. తెలుగు పేపర్లు దాన్ని 'ఉచితాల సంస్కృతి' అని రాసుకున్నాయి.

మిత్రుడు నా వైపు చూశాడు. నేను తల వూపాను.

ఎందుకు వూపాను? నేను మాదిగపల్లెలో పుట్టాను. నా వొంట్లో వున్న ఎముకల్లో సగం సోషల్ వెల్ఫేర్ హాస్టల్ అన్నంతో గట్టిపడ్డాయి. మిగతా సగం రెండు రూపాయల బియ్యంతో. మాయమ్మ అప్పటికీ ఇప్పటికీ వృద్ధాప్య పింఛను తీసుకుంటోంది. నేనంటే గవర్నమెంటు కాలేజీలో పాఠాలు చెప్పుకునే లెక్చరర్ని, కొడుకు ఉద్యోగస్తుడు కాబట్టి ఆమెకు అర్హత లేదంటారని, ఆమె వేరే కాపురం, వేరే కార్డు. (ఇది రాయటానికి కూడా నాకు కాస్త భయం. చూడండి, రాసే చెయ్యి కూడా సంజాయిషీ ఇచ్చుకుంటోంది.) అలాంటి నేను తల వూపాను. ఆ యేడాది నా జీతంలో కోసిన ఆదాయపు పన్ను కాయితం మొన్ననే చూసుకున్నాను. 'మనం పన్నులు కట్టాలి' అన్న మాటలో 'మనం' వుంది చూశారా, అది నన్ను లాగేసింది. ఇరవై అయిదేళ్ళ సర్వీసులో ఆ మనిషి నన్ను 'మనం'లో కలుపుకోవటం బహుశా అదే మొదలు. కలుపుకున్నందుకు కిరాయి కట్టాను. ఆ కిరాయి మాయమ్మ.

అందుకని ఈ మాట నాకు రాజకీయ పార్టీల గొడవగా తోచదు. మనిషి ఎవరికి రుణపడతాడు, ఎవరి చెయ్యి పైన, ఎవరి చెయ్యి కింద, అనే ప్రశ్నగా తోస్తుంది. దాన్ని పుస్తకాల్లోంచి కాకుండా మా ఇంట్లోంచే చూస్తాను. నాకు తెలిసిన తత్వశాస్త్రం అదే.

మా వైపు గవర్నమెంటు ఆసుపత్రిని ధర్మాసుపత్రి అనేవాళ్ళు. పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. 1986లో మా నాయన్ని ఆ ధర్మాసుపత్రికి ఎడ్లబండి మీద తీసుకుపోయాం. ఆయన పొగాకు రైతు దగ్గర పాలేరు. పొగాకు బ్యారన్ దగ్గర రాత్రి కాపలా వుండి, తెల్లారుజామున పుల్లలు తీస్తుంటే రక్తపింజర కరిచింది. తొమ్మిది మైళ్ళు. బండి చేరేసరికి కాలు తొడదాకా వాచింది. వరండాలో పడుకోబెట్టారు. డ్యూటీలో వున్నాయన రెండు గజాల దూరంలో నిలబడి "ఏ పల్లె?" అని అడిగాడు. ఏ పాము అని తర్వాత అడిగాడు. పాము మందు స్టాకు లేదు, బయట తెచ్చుకోమని చీటీ రాసిచ్చారు. బయట దాని ఖరీదు మాయమ్మ రెండు నెలల కూలి. అమ్మ ఆ చీటీ పట్టుకుని రైతు బంధువొకాయన టౌన్లో వుంటే ఆ ఇంటికి పరిగెత్తింది. ఆయన డబ్బిచ్చాడు. ఇవ్వలేదని అనకూడదు. "పద్దులో రాస్తాను, పిల్లోడు వొక యేడాది చేస్తే తీరిపోద్ది" అన్నాడు. పిల్లోడంటే నేను. అమ్మ మందు తెచ్చేసరికి నాయన లేడు. మందు సీసా అట్లాగే వుంది. షాపువాడు వెనక్కి తీసుకోలేదు. అప్పు మాత్రం వుంది.

నేను ఆ యేడాది చేయలేదు. అన్న మిలిటరీ నుంచి మనియార్డరు పంపి అప్పు తీర్చాడు. లేకపోతే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు, పొగాకు పుల్లలు తీసేవాణ్ణి.

ధర్మం అంటే మా పల్లెలో రెండర్థాలు. వొకటి పురాణం చెప్పేవాడు చెప్పేది. రెండోది, "అయ్యా ధర్మం" అని గిన్నె చాపి అడిగేది. ఆసుపత్రికి ఆ రెండో అర్థం అంటుకుంది. ధర్మం చేసేవాడి దగ్గర స్టాకు అయిపోతే నిలదీసి అడగటానికి వుండదు. ఇచ్చినప్పుడు దణ్ణం పెట్టాలి, ఇవ్వనప్పుడు ఇంకో గడపకి పోవాలి. నాయన చచ్చిపోయిన వరండాలో మాలో వొక్కరం కూడా "మందెందుకు లేదు?" అని అడగలేదు. ఏడ్చాం. శవాన్ని ఇవ్వటానికి అడిగిన పది రూపాయలు ఇచ్చాం. తెచ్చుకున్నాం. అడగాలని మాకు తట్టను కూడా తట్టలేదు. ఈ తట్టకపోవటం ఎవరు నేర్పారు? ఈ ప్రశ్నకి జవాబు దొరికితే స్టాఫ్ రూములో నా తల ఎట్లా వూగిందో కూడా తెలుస్తుంది.

ఉచితం అనే మాట చూడండి. నిఘంటువు తీస్తే ఉచితం అంటే తగినది, న్యాయమైనది. ఉచితానుచితాలు అంటాం కదా. ఆ మాట ఎప్పుడు, ఎవరి నోట్లో పడి 'వూరికే వచ్చింది' అనే అర్థానికి మారిందో భాషాశాస్త్రజ్ఞులు చెప్పాలి. నాకు తెలిసిందల్లా, వూరికే ఇవ్వటం అనే పనిని తరతరాలుగా చేసినవాళ్ళం మేమే. చచ్చిన గొడ్డుని వూరికే మోశాం. డప్పు వూరికే కొట్టాం. చావుకబురు పది వూళ్ళకి వూరికే చేరేశాం. దాన్ని ఎవరూ ఉచితం అనలేదు. వెట్టి అన్నారు. మేం ఇచ్చినప్పుడు వెట్టి, మాకు ఇచ్చినప్పుడు ఉచితం. పెద్ద కంపెనీలకిస్తే దానికింకో పేరు. 2019 సెప్టెంబర్లో కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22కి తగ్గించారు. దానివల్ల ఖజానాకి యేటా లక్షా నలభై అయిదు వేల కోట్లు రాకుండా పోతాయని ఆర్థికమంత్రే చెప్పింది. దాన్ని పేపర్లు రేవడీ అనలేదు. ప్రోత్సాహకం అన్నాయి.

రెండు రూపాయల బియ్యం వచ్చింది 1983లో, రామారావు ముఖ్యమంత్రి అయ్యాక. ఖజానా దివాలా తీస్తుందని అప్పుడూ అన్నారు. కానీ మా వూరి రైతుల ఏడుపు ఖజానా గురించి కాదు. రచ్చబండ దగ్గర నేను చెవులారా విన్నాను. "రెండ్రూపాయల బియ్యం వచ్చినకాణ్ణుంచి కూలోళ్ళకి కొవ్వెక్కింది. పిలిస్తే పనికి రావట్లా." మాయమ్మకి కొవ్వెక్కటం నేను చూళ్ళేదు. ఆమెకి ఎక్కిందల్లా వొక్క మాట. "ఆ రేటుకి నేన్రాను" అనటం. ఇంట్లో వారానికి సరిపడా బియ్యం వుంటే మనిషి ఆ మాట అనగలదు. లేకపోతే అనలేదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. దాని మీదా అక్షరం పొల్లుపోకుండా అదే ఏడుపు. ఉచితాల మీద ఎవరు మాట్లాడినా నేను ఖజానా లెక్క కంటే ముందు ఈ లెక్క వెతుకుతాను. ఎవరి ఆకలి ఎవరికి లాభం?

ఇది మన దేశంలోనే పుట్టిన మాట కూడా కాదు. 1976లో అమెరికాలో రొనాల్డ్ రీగన్ అధ్యక్ష పదవి కోసం తిరుగుతూ వూరూరా వొక కథ చెప్పాడు. చికాగోలో వొకావిడ వుంది, బోలెడు దొంగపేర్లు పెట్టుకుని గవర్నమెంటు సాయం తింటోంది అని. అట్లాంటి మనిషి వొకతె నిజంగానే వుంది. కానీ ఆ వొక్క దొంగని చూపించి సాయం తీసుకునే లక్షలాది తల్లులందరి మీదా ఆ నీడ పడేటట్టు చేశాడు. రంగు గురించి వొక్క ముక్క అనలేదు. అనక్కర్లేదు. విన్నవాళ్ళ కళ్ళముందు నల్లజాతి స్త్రీ బొమ్మ కట్టింది. 1981లో అధ్యక్షుడయ్యాక పేదల ఆహార కూపన్ల ఖర్చు కోసి, మిలిటరీ ఖర్చు పెంచాడు. అదే కాలంలో ఇంగ్లండులో మార్గరెట్ థాచర్ దేశాన్ని గృహిణి ఇల్లు నడుపుకున్నట్టు నడపాలని చెబుతుండేది. మనవాళ్ళు 'కూచుని తినేవాళ్ళు' అన్నప్పుడు కూడా కులం పేరు పలకరు. పలకాల్సిన అవసరం లేకుండా మనందరి తలలు ముందే తయారుగా వున్నాయి. నాది కూడా.

ఆ ఇల్లు పోలిక గురించి రెండు మాటలు చెప్పాలి. దేశమంటే ఇల్లు లాంటిది, సంపాదనకి మించి ఖర్చు పెట్టకూడదు అంటారు. వినటానికి ఎంత సబబుగా వుంటుందో. సరే, మా ఇంటి లెక్కే చూద్దాం. మాయమ్మ ఏనాడూ సంపాదన చూసి ఖర్చు పెట్టలేదు. సంపాదన చూస్తే నన్ను బడికే పంపకూడదు. అప్పు చేసి పంపింది. రోగమొస్తే అప్పు, పుస్తకాలకి అప్పు. సారాకి, తిరణాలకి మాత్రం అప్పు చేయనిచ్చేది కాదు. అప్పు మంచిదా చెడ్డదా అని ఆమెకి ప్రశ్న లేదు. దేనికి అనేదే ప్రశ్న. ఇంకో సంగతి. ఇంట్లో కూడు తక్కువైతే ఎవరు ఆఖర తింటారో అందరికీ తెలుసు. అమ్మ ఆఖర తినేది, కుండ అడుగు గీక్కుని. ఇంటిలెక్క అంటే ఎవరు ఆఖర తినాలో తేల్చే లెక్క. పొదుపు చెయ్యాలి అని ఢిల్లీలో అన్నప్పుడల్లా నాకు కుండ అడుగు గీకిన చప్పుడే వినపడుతుంది. మాయమ్మ తనంతట తాను ఆఖర తినేది. ఈ దేశంలో ఆఖర తినేవాళ్ళని ఎవరూ అడగలేదు.

ఇక సరిహద్దు జవాను.

మా అన్న 1982లో మిలిటరీలో చేరాడు. పల్లెలో మొదటి సిపాయి. సెలవు మీద వచ్చినప్పుడు యూనిఫారం వేసుకుని, బూట్లేసుకుని వూరి నడివీధిలోంచి నడిచొచ్చాడు. అప్పటిదాకా మేమా వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళం. అరుగుల మీద కూచున్నవాళ్ళు ఏమీ అనలేదు. యూనిఫారాన్ని చూసి ఏమనాలో తెలియలేదు. రెండోరోజు లుంగీ కట్టుకుని అదే వీధిలో చెప్పులేసుకుని పోతే మాత్రం, "ఏరా, మిలిటరీకి పోతే కళ్ళు నెత్తికెక్కినయ్యా" అన్నారు. గౌరవం గుడ్డకి. మనిషికి కాదు.

1985 జూలై 17న కారంచేడు జరిగింది. మా జిల్లాయే. ఆరుగురు మాదిగల్ని చంపారు. అన్న అప్పుడు జమ్ము వైపు డ్యూటీలో వున్నాడు. మా పల్లెలో పదిరోజులు ఎవరూ నిద్రపోలేదు. మగాళ్ళు కర్రలు పట్టుకుని వంతులేసుకుని కాపలా తిరిగారు. అన్నకి నేను ఉత్తరం రాస్తుంటే అమ్మ పక్కన కూచుని చెప్పి రాయించింది. "అబ్బయ్యా, నువ్వక్కడ ఎవర్ని కాస్తన్నావురా?" ఆ ఉత్తరానికి అన్న జవాబు రాయలేదు. మనియార్డరు ఫారం కింద రెండు లైన్లు రాసే చోట మాత్రం, జాగ్రత్తగా వుండండి అని రాశాడు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపినప్పుడు కూడా అన్న సరిహద్దులోనే వున్నాడు. ఆ కేసులో 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

జాతీయ భద్రత అంటే నాకు గుర్తొచ్చేది అమ్మ అడిగిన ఆ మాట. అట్లాగని సైన్యం వద్దని నేననను. అంటే అన్న వూరుకోడు. 2020 జూన్‌లో గల్వాన్ దగ్గర చైనావాళ్ళతో తలపడి ఇరవై మంది మనవాళ్ళు చనిపోయినప్పుడు, వాళ్ళలో కల్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేటవాడు, అన్న రెండు రోజులు అన్నం తినలేదు. "నువ్వు పుస్తకాలు చదువుకుని మాట్లాడతావురా. అక్కడ తుపాకీ లేకపోతే ఏమైద్దో నాకు దెలుసు" అంటాడు. నేను కాదనలేను. సరిహద్దు వుంది, శత్రువులూ వున్నారు. నా పేచీ తుపాకీతో కాదు. తుపాకీని చూపించి నోరు మూయించటంతో. 2016 నవంబర్లో నోట్లు రద్దు చేసినప్పుడు బ్యాంకు ముందు ఎండలో కళ్ళు తిరిగి కూలబడిన ముసలివాళ్ళకి చెప్పింది ఇదే. జవాన్లు సరిహద్దులో రోజుల తరబడి నిలబడుతుంటే మీరు రెండు గంటలు లైన్లో నిలబడలేరా అని. ఆ లైన్లో అన్న కూడా వున్నాడు. పదిహేడేళ్ళు నిలబడి వచ్చినవాడు.

సైన్యం ఖర్చు లెక్క అడగటమే ద్రోహం అనేవాళ్ళు వున్నారు. వాళ్ళకి అంబేడ్కర్ని గుర్తుచేయాలి. మహార్ల మీద మూసేసిన సైన్యం తలుపులు మళ్ళీ తెరవాలని కొట్లాడినవాడు ఆయన. 1941లో మహార్ రెజిమెంటు నిలబడింది. సైన్యమంటే గిట్టనివాడు కాదు. ఆయనే 1951 అక్టోబర్లో మంత్రి పదవికి రాజీనామా చేసి ఇచ్చిన ప్రకటనలో, హిందూకోడ్ బిల్లు గురించే కాదు, ఈ లెక్క కూడా అడిగాడు. యేటా వచ్చే 350 కోట్ల రాబడిలో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయి, ఇంత ఖర్చు మన విదేశాంగ విధానం వల్లే వచ్చిపడింది, మనకి స్నేహితులే లేకుండా పోయారు అన్నాడు. న్యాయమంత్రిగా చేసినవాడు, రాజ్యాంగం రాసినవాడు అడిగాడు. మనవాళ్ళ సభల్లో హిందూకోడ్ బిల్లు చెబుతాం గానీ ఈ ముక్క చెప్పం. ఎందుకు వదిలేశామో నాకు అర్థం కాదు. ఆయన ఆ రోజు అడిగింది ఖర్చు తగ్గించమనే పొదుపుగాళ్ళ మాట కాదు. దేనికి ఖర్చు, ఎందుకు తప్పదయ్యింది అని. మాయమ్మ అడిగే మాటే.

ఇవాళ్టి అంకెలు కూడా చూద్దాం. 2025-26 కేంద్ర బడ్జెట్లో రక్షణకు 6 లక్షల 81 వేల కోట్లు. ఆరోగ్య మంత్రిత్వ శాఖకు లక్ష కోట్లకి కాస్త తక్కువ. ఆరోగ్యం రాష్ట్రాల సబ్జెక్టు, వాళ్ళు వేరే ఖర్చు పెడతారు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. అయితే అన్నీ కలిపినా 2021-22లో ప్రభుత్వాల ఆరోగ్యపు ఖర్చు దేశ ఆదాయంలో 1.84 శాతం. 2025 నాటికి 2.5 శాతం చేస్తామని 2017 ఆరోగ్య విధానంలో రాసుకున్నారు. అదే 2021-22లో వైద్యం మొత్తం ఖర్చులో వందకి 39 రూపాయలు రోగి జేబులోంచే పోయాయి. జేబు లేనివాడి సంగతి ఆ లెక్కల్లో వుండదు. వాడు వైద్యానికే పోడు కాబట్టి ఖర్చు రాదు.

సరే, ఇంత డబ్బు సైన్యానికి పోతోంది, జవాను బాగుపడ్డాడా? ఇక్కడే నాకు ఈ మాటల గుట్టు అర్థమైంది. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్ళు పని, ఆ తర్వాత నూటికి పాతికమందిని వుంచుకుని మిగతా వాళ్ళని పంపిస్తారు, పింఛను లేదు. సైన్యాన్ని పడుచుగా చేయటానికన్నారు. పింఛన్ల బరువు సంగతి అందరికీ తెలుసు. మూడు రోజులకి సికింద్రాబాదు స్టేషన్లో కుర్రాళ్ళు రైళ్ళు తగలబెట్టారు, పోలీసు కాల్పుల్లో వొకడు చనిపోయాడు. మా అన్న కొడుకు ఆ పాటికి ర్యాలీలో పరుగూ, మెడికలూ పాసై రాతపరీక్ష కోసం కూచుని వున్నాడు. కరోనా పేరుతో వాయిదా మీద వాయిదా వేసిన ఆ పరీక్ష కాస్తా రద్దయింది. మళ్ళీ మొదట్నుంచీ అగ్నివీరుగా రమ్మన్నారు. వాడు మూడేళ్ళు తెల్లారుజామున నాలుగింటికి లేచి హైవే పక్కన పరిగెత్తాడు. వాణ్ణి చూసి పల్లెలో ఇంకో ఆరుగురు పరిగెత్తారు.

ఆ రాత్రి అన్నకీ కొడుక్కీ గొడవైంది. అన్న, "ఎన్నేళ్ళయితే ఏందిరా, దేశసేవ" అన్నాడు. వాడు లేచి, ఇంటి చుట్టూ చేత్తో చూపించి, "ఈ ఇల్లు నాలుగేళ్ళ సర్వీసుతో కట్టావా నాయనా?" అన్నాడు. అన్న నోరెత్తలేదు. ఆ ఇల్లు అన్న పింఛనుతో కట్టింది. మాజీ సైనికుడికని రాసిచ్చిన ఎకరంన్నర కొండవార భూమి కాగితం మీదే వుంది, దాన్ని ఇంకొకరు దున్నుకుంటున్నారు. పల్లెకి సైన్యం ఇచ్చిందేమిటంటే ఆ నెలనెలా వచ్చే పింఛనే. మా వాడు నా వైపు తిరిగి, "బాబాయ్, నువ్వు చెప్పు. పాతిక శాతంలో మనోళ్ళుంటారా?" అని అడిగాడు. నేను ఏం చెప్పాలి. చూద్దాంలేరా అన్నాను. వాడు పోలేదు. ఇప్పుడు విజయవాడలో మోటారు సైకిలు మీద సరుకులు డెలివరీ చేస్తున్నాడు.

నేను తల వూపింది ఆ గొడవ జరిగిన నెలకి. ఆ మిత్రుడు జవాన్లు మంచులో చస్తున్నారు అన్నప్పుడు, ఆ జవానుకి మా ఇంట్లో పేరుంది, ఆ పేరు నా నోట్లోంచి రాలేదు. మాయమ్మ పింఛను వద్దనటానికి జవాన్ని చూపించారు. జవాను పింఛను తీసేటప్పుడు ఎవరిని చూపించారో గమనించారా? బడ్జెట్టుని చూపించారు. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో చనిపోయిన నలభై మంది సీఆర్పీఎఫ్ వాళ్ళ బొమ్మలు ఎన్నికల వీధుల్లో ఎన్ని కనపడ్డాయో మీకు గుర్తుండే వుంటుంది. 2004 తర్వాత ఆ దళంలో చేరినవాళ్ళకి పాత పింఛను లేదన్న సంగతి ఆ ఫ్లెక్సీల మీద లేదు.

యోధులు అనే మాట కరోనాలో మా వాళ్ళకీ ఇచ్చారు. 2020 మార్చి 22న పళ్ళాలు మోగించారు. పారిశుధ్య కార్మికుల మెడలో దండలేశారు. కాంట్రాక్టు మటుకు అదే కాంట్రాక్టు. మురుగ్గుంటలో దిగి చనిపోయినవాడి కుటుంబానికి పది లక్షలు ఇవ్వమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ప్రతిసారీ కోర్టే చెప్పాలి. రోగాన్ని వూళ్ళోకి రాకుండా ఆపేవాడు కూడా కాపలాదారే కదా. వాడిది ఏ పద్దు?

ఇప్పుడు అవతలి పక్క నుంచి నాకు కుచ్చుకునే మాట వొకటుంది. దాన్ని దాచిపెట్టను. మన ఉద్యమంలో పెద్దవాళ్ళే అన్నారు. భూమి అడిగితే బియ్యం ఇచ్చారు, బడి అడిగితే పింఛను ఇచ్చారు, పంచేవాడి చెయ్యి ఎప్పుడూ పైనే వుంచారు అని. నిజం. పార్టీలన్నీ ఇందులో దొంగలే. 2022లో ఈ పథకాలతో ఆంధ్ర శ్రీలంక అయిపోతుందన్న వాళ్ళలోనే కొందరు 2024 ఎన్నికలకి తమ జాబితా తాము పట్టుకొచ్చారు. ఆరోగ్యశ్రీ సంగతీ అంతే. 2007లో మొదలైంది. మాయమ్మకి 2019లో గర్భసంచి ఆపరేషన్ దాని కిందే జరిగింది, వొక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో. బతికింది. ఆ పథకం లేకపోతే నేను పొలం లేనివాణ్ణి, అమ్మటానికేం లేదు. కానీ ఆ ఆసుపత్రిలో మమ్మల్ని 'కార్డువాళ్ళు' అని పిలిచారు. కార్డువాళ్ళ హాలు వేరే, లిఫ్టు వేరే. పరీక్షలకని పైన డబ్బు అడిగారు, ఇచ్చాను. ధర్మాసుపత్రి అద్దాల మేడ కట్టుకుంది అనుకున్నాను. ఇంకోపక్క, మా నాయన చనిపోయిన ఆ ఆసుపత్రి వరండా అప్పటికీ అట్లాగే వుంది. సర్కారు డబ్బు ప్రైవేటు ఆపరేషన్ థియేటర్లకి పోతుంటే పాముమందు ఫ్రిజ్జుకి కరెంటు ఎవరు చూస్తారు? గుండె ఆపరేషనుకి కార్డు వుంది. పొలంలో పాము కరిచినవాడికి కావలసింది కార్డు కాదు, తొమ్మిది మైళ్ళలోపు మందు.

కాబట్టి పథకాల మీద విమర్శ మాకూ వుంది. తేడా ఎక్కడంటే, మేం విమర్శించేది ఇది చాలదని, మా హక్కుని దానంగా మార్చారని. వాళ్ళు విమర్శించేది ఇదే ఎక్కువైందని. రెండు విమర్శలూ పైకి వొకటిగా వినపడతాయి. 'వీళ్ళు ఎప్పటికి సొంతకాళ్ళ మీద నిలబడతారు' అని మా మిత్రుడు అడుగుతాడు. మంచి మనసుతోనే అడుగుతాడు. ఆయన భార్యకి కిడ్నీ రాయి తీసినప్పుడు ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు వాడాడు. ఆ ఫైలు మీద సాక్షి సంతకం నేనే చేశాను. దాన్ని ఆయన ఉచితం అనుకోలేదు, నేనూ అనుకోలేదు. హక్కు అనుకున్నాం. ఆ హక్కు మాయమ్మ చేతికొచ్చేసరికి రేవడీ ఎట్లా అయ్యింది? మా జీతంలోంచి కొంత కోస్తారు కదా అంటారు. మాయమ్మ సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా కోస్తూనే వున్నారు. ఆమెకి కాయితం ఇవ్వరు, అంతే. ఆ రేవడీ ఉపన్యాసం అయిన రెండో రోజు, 2022 జూలై 18 నుంచి, ప్యాకెట్ కట్టి లేబులేసిన బియ్యం మీద, పెరుగు మీద, మజ్జిగ మీద అయిదు శాతం జీఎస్టీ వచ్చింది. నేను తల వూపిన రోజుకి మాయమ్మ మజ్జిగ ప్యాకెట్టు మీద కూడా పన్ను కట్టేసి వుంటుంది. 'పన్ను కట్టేవాళ్ళు' అని మేం స్టాఫ్ రూములో కూచుని మాట్లాడుకుంటున్నాం.

వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా ఎంతో చెప్పి వూరుకుంటాను. 1995లో నెలకి 75 రూపాయలతో మొదలుపెట్టారు. 2007కి 200 అయ్యింది. అరవై దాటి ఎనభై నిండని ముసలివాళ్ళకి ఇది రాసేనాటికీ ఆ 200 రూపాయలే. మిగతాది రాష్ట్రం వేసేది. దేశాన్ని ముంచే బరువు అది.

ఇన్నాళ్ళూ ఇదంతా లోపలే పెట్టుకున్నాను. ఆ మిత్రుడికి చెప్పలేదు. ఆయన రిటైరయ్యాడు, పింఛను తీసుకుంటున్నాడు, పొద్దున్నే నాకు ఫోన్లో జెండా బొమ్మ పంపుతాడు. నేను తిరిగి నమస్కారం పంపుతాను. ధైర్యం లేకపోవటానికి ఎన్ని మర్యాదలు అడ్డం పెట్టుకుంటామో. కానీ అమ్మకి చెప్పాలనిపించింది. మొన్న ఇంటికి పోయినప్పుడు చెప్పాను. పింఛన్లు దండగని వాళ్ళన్నారు, నేను అవునన్నట్టు తల వూపాను అమ్మా అని.

ఆమె వత్తులు చేసుకుంటున్నట్టు వేళ్ళు నలుపుకుంటూ కాసేపు వూరుకుంది. తర్వాత, "వూపితే వూపావులే. అందరూ కూకున్న కాడ నువ్వొక్కడివే ఏం జేస్తావు" అంది. మళ్ళీ కాసేపాగి, "మీ నాయన సచ్చిపోయిన్నాడు కూడా నేను ఆ డాక్టరు ఎదట తలకాయ వూపానురా. మందు లేదమ్మా అంటే, అట్టాగేనయ్యా అని" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆమె లేచి, మంచం కింద ట్రంకు పెట్టె వైపు చూపించింది.

"ఆ పెట్టెలో కార్డుంది, తియ్యి. పొద్దున్నే పింఛనోళ్ళొస్తారు. వేలిముద్ర పడట్లేదంటన్నారు. నువ్వు కూడా వుండి అడుగు."